పడుగు పరిచే నేల

తమ్ముడు హేమనాథ్‌కు, తిరుత్తణి నుంచి అక్క రాసేది. నువ్వు తెలుగు కూడబలుక్కొని చదువుతావని అక్షరాలు పెద్దగా రాస్తా ఉండాను.

ఆక్షేపణ అర్జీ పెట్టమంటివి గదా, పెట్టినాము. ఆఫీసులో ఆయమ్మ మర్యాదగానే మాట్లాడింది. మన మగ్గాల ఇండ్ల వెనక నేల ప్లానులో ఖాళీ స్థలమని ఉండాదంట. దాని మీద కొత్త ఫ్లాట్లకు రోడ్డు అప్రూవల్ అయిపోయిందంట. "నేసేదానికి ముందు పడుగు నూలు పరిచి గంజి పెట్టేది ఆడనేనమ్మా" అంటే, "కొలిచిన రోజు అక్కడ ఏమీ లేదే" అనింది.

నిజమే. సర్వేవాళ్లు వస్తారని తెలిసి, ఆ పొద్దు మా మామ సగం గంజి పెట్టిన పడుగును చుట్టేసినాడు. గుంజలు పీకి, కసువు చిమ్మి, నీళ్లు చల్లినాడు. ఇంటికొచ్చినోళ్ల కాళ్లకు నూలు తగిలితే మర్యాద కాదంట. మజ్జిగ గూడా ఇప్పించినాడు.

ఇంక పడుగు యాడ పరిచేది? పడుగు లేకుంటే మగ్గం ఎందుకు?

నువ్వు లీవు పెట్టి రావద్దు. వచ్చి చేసేది ఏమీ లేదు. రేపు రోడ్డుకు రాళ్లు నాటేదానికి వస్తారు. మామ అప్పుడే పడుగు చుట్టేసి, చిమ్మిన చోటే మళ్లీ చిమ్మతా ఉండాడు. వాళ్ల కాళ్లకు నూలు తగలకూడదు గదా.