షమీమ్ కూర్చోలేదు

పటమట, నవంబరు 1999
మంగళవారం రాత్రి

పైనుంచి లెక్క అడిగారని ఇవాళ హెడ్మాస్టరుగారు కొండపల్లి బడిలో నేను పాఠం చెప్పే ఏడో తరగతికి వచ్చారు. ఎప్పటిలాగే పిల్లల్ని కులాలవారీగా లేపి తలలు లెక్కపెట్టుకున్నారు. "ఎస్సీలు లేవండి. కూర్చోండి. బీసీలు. ముస్లింలు." నేను చదువుకున్న కాన్వెంటులో సిస్టర్ లోపలికి వస్తేనే లేచేవాళ్ళం.

తర్వాత, "క్వార్టర్లీలో లెక్కలు తప్పినవాళ్ళు లేవండి" అన్నారు. ముస్లింలతో లేచిన షమీమ్ అసలు కూర్చోనే లేదు.

"నిన్ను కూర్చోమన్లా?"

"మళ్ళీ లేపుతారుగా సార్."

క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వారు. "తెలివికేం తక్కువ లేదండోయ్!" అన్నారు నాతో. నేను చాక్‌పీసు తీసుకుని బోర్డు వైపు తిరిగాను.

మధ్యాహ్నం షమీమ్ బడికి రాలేదు. సాయంత్రం కొండపల్లిలోనే వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి పక్కన కూర్చుని షమీమ్ కొయ్య ఏనుగులకు రంగు వేస్తోంది, తల ఎత్తలేదు. జూన్‌లో ఆ పని మాన్పించి బడికి పంపమని తల్లిని బతిమాలింది నేనే.

"ఇంక పోనంటందండీ. ఎవరన్నా ఏమన్నా అన్నారా టీచరుగారూ?" అని అడిగిందామె.

ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. రేపు పంపించమని చెప్పి వచ్చేశాను.

బస్టాపులో హెడ్మాస్టరుగారు కనిపించారు. "షమీమ్ మానేసేట్టుందండీ" అన్నాను.

"పోనీలెండి మేడమ్. ఏడో తరగతి పబ్లిక్‌లో మన పాస్ పర్సంటేజీ పెరుగుద్ది."

పెరుగుతుంది. ఒక్క పిల్ల తగ్గితే ఎంత పెరుగుతుందో, బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేనే లెక్క వేశాను.