ఒక్కచోట కొట్టిన మూడు మేకులు

అమ్మా, కాస్పియన్ గాలికి ముఖం కమిలిందే గాని నేను బాగానే ఉన్నాను.

నిన్న రేవు పనిలో చూసినదాన్నుంచి ఇంకా తేరుకోలేదు. ఇసుకలో దింపిన ఒక్క ఇనుప స్తంభాన్ని పక్కకు లాగితే, నాలుగు టన్నులకు వేలి మందం జరిగింది. తొమ్మిదింటిని దగ్గరదగ్గరగా దింపి, తలలు కలిపి కాంక్రీటు పోశాం. ముప్పై ఆరు టన్నులకు గాని కదలవని నా టోపీ పందెం కాశాను. పద్దెనిమిదికే అవీ వేలి మందం జరిగాయి. ఇంజనీరు కుల్యాష్ అక్క, "ముందు వరుస ఇసుకను నెట్టేస్తే వెనకవాటికి ఆనుకోడానికి ఏం మిగులుతుందయ్యా?" అంది.

వెంటనే నాకు ఇల్లు గుర్తొచ్చింది. మన గుడారం ఎగిరిపోకుండా కట్టే గాలితాడుకు మూడు మేకులూ ఒక్కచోటే కొట్టింది నేనే కదా. "పక్కపక్కన మూడు కొట్టినా ఒకటి కొట్టినట్టేరా" అని నాన్న అంటే నవ్వాను.

కార్డు అందగానే వాటిని పీకించి, బారెడేసి ఎడంగా కొట్టించు. అందాకా వదిననూ పసిదాన్నీ అందులో పడుకోనివ్వకు. నా పాత టోపీ పంపు.

అందరికీ సలాములు. ఇది నాన్నకు చదివి వినిపించు. ఆయన నవ్వుతారు, నవ్వనీ.

నీ సపర్గలీ