దాణా డబ్బాలో ఉత్తరాలు

తమ్ముడూ, ఆవులకు మేత వేసేశాను. పదింటికి రైతులకు అప్పుల విషయంలో ఉచితంగా సలహా చెప్పే మేడమ్ మనింటికి వస్తారు. పెరటి గుమ్మంలోంచి జారుకోకు. దాణా డబ్బా అడుగున నువ్వు దాచిన బ్యాంకు ఉత్తరాలు దొరికాయి, బల్ల మీద పెట్టాను. పదకొండు ఉత్తరాల్లో ఒక్కటీ విప్పలేదు. కవరు చింపకపోతే అప్పు లేనట్టేనట్రా, మొద్దూ? చివరగా వచ్చినదాన్ని నేనే చింపాను. అది జప్తు నోటీసు కాదురా! వచ్చి మాట్లాడితే గడువు పెంచుతారట. దానికి ఈ రోజే ఆఖరు. మేడమ్ నీతోపాటు బ్యాంకుకొస్తారు. గడ్డం గీసుకో. నాకు పాలకేంద్రంలో పని తప్పదు.

మరో మాట. పురుగుమందుల గది తాళంచెవి కోసం వెతక్కు, నా దగ్గరుంది. నిన్న నువ్వు ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడటం చూశాను. ఇంటి తాళంచెవి మాత్రం తీసుకెళ్లడం లేదు. సాయంత్రం నాకు తలుపు నువ్వే తియ్యాలి.

అక్క