కోతి అరుపు

శుక్రవారం, రిగ్గై

గల్ఫ్‌లోని మా తెలుగు సంఘం వార్షికోత్సవానికి నాటకం రాస్తానని ఎందుకు ఒప్పుకున్నానో నాకే తెలియదు. ఇవాళ రిహార్సల్ మధ్యలోనే ఆగిపోయింది.

మా బిల్డింగ్ సెక్యూరిటీ గార్డు శామ్యూల్‌ది ఆఫ్రికాలోని ఘనా. సొంతూళ్ళో నిజంగా బాక్సింగ్ చేసినవాడు. రెండు వారాలుగా మా హీరోకి పిడికిలి బిగించడం నేర్పుతున్నాడు. ఆ హీరో రెండు నిమిషాలకే ఆయాసపడి కుర్చీ వెతుక్కుంటాడు. అయినా స్టేజీ మీద వాడి ఒక్క గుద్దుకే రౌడీ వేషం వేసే శామ్యూల్ పడిపోవాలి, కోతిలా అరుస్తూ పాకాలి.

"పడతాను భాయ్, బాక్సర్ పడినట్టు పడతాను. కోతిలా మాత్రం అరవను," అన్నాడు హిందీలో.

మా ప్రెసిడెంటు మల్లన్న విసుక్కున్నాడు. "నవ్వులకే గదనే. గాయన అర్వకపోతే జనం ఎట్ల నవ్వుతరు?"

తనను దుకాణంలో కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, చిటికేసి పిలిస్తే మల్లన్న వారమంతా ఉడికిపోతాడు. ఆ సంగతి ఇక్కడ మాత్రం గుర్తురాదు.

గ్లోవ్స్ విప్పుతూ శామ్యూల్ నన్నడిగాడు, ఈ సీను ఎవరు రాశారని. కమిటీవాళ్ళని చెప్పాను. స్క్రిప్టు అతని కళ్ళముందే ఉంది, మొదటి నుంచి చివరిదాకా నా చేతిరాత. అతనికి తెలుగు చదవడం రాదు.