తొమ్మిదో రోజు మొక్కు

గ్వాదలహారా, ఆగస్టు 3

ప్రియమైన ఎలోడియా అత్తకు,

నీ మేనల్లుడు ఫెర్మీన్ నమస్కారాలు. ఫోన్ చేస్తే స్పీకర్లో పెట్టి వీధంతటికీ వినిపిస్తావు, అందుకే ఉత్తరం. ఒళ్ళు తగ్గడానికి వారానికో సూది వేయించుకుంటున్నాను. పద్నాలుగు కిలోలు తగ్గాను. కానీ తొమ్మిది రోజులుగా దొడ్డికి అవడం లేదు. పొట్ట రాయిలా ఉంది. రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాను.

కాబోయే అత్తగారు దోన్యా ఒబ్దూలియాకి మాత్రం చెప్పకు. నోరు కట్టుకుని తగ్గానని ఆవిడతో చెప్పాను. సూదులతో ఒళ్ళు తగ్గించుకునేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. తెలిస్తే నవంబర్లో నాటివిదాద్‌తో నా పెళ్ళి జరగదు.

నీ ఫెర్మీన్

తా.క.: ఆవిడ ఉండేది మీ పక్క వీధే. నోరు జాగ్రత్త.

సాన్ హసింతో, ఆగస్టు 9

ఒరేయ్ ఫెర్మీన్,

అత్త దీవెనలు. ఉత్తరం చూసి గుండె జారిపోయింది. మీ తాత పేగు మెలిపడే పోయాడు కదరా! వెంటనే సాన్ పాస్కువాల్‌కి మొక్కుకున్నాను. నీకు సాఫీగా అయితే, ఇక్కడ అందరూ చేసినట్టే, జరిగినదంతా రేకు మీద బొమ్మగా వేయించి చర్చి గోడకి తగిలిస్తానని. ఆయన వంటిళ్ళ దేవుడే గానీ, లోపలికి వెళ్ళేది చూసుకునేవాడు బయటికొచ్చేది చూసుకోడా?

ఎలోడియా అత్త

తా.క.: ఒబ్దూలియాకి ఏమీ చెప్పలేదు. నీ నిగ్రహం గురించి ఆవిడే గంటసేపు చెప్పింది. తలూపాను.

గ్వాదలహారా, ఆగస్టు 15

అత్తా,

అయింది! ఆకలి లేదని తిండితోపాటు నీళ్ళు కూడా తగ్గించేశానట, అదీ నా తప్పు. డాక్టరమ్మ పరీక్ష చేసి, నీళ్ళలో కలుపుకునే పొడి ఇచ్చింది. ఇక రోజంతా నీళ్ళు, బొప్పాయి, చిక్కుడు గింజలు, తిన్నాక నడక. సూది మోతాదు ఇప్పట్లో పెంచదట. ఇందులో దేవుడి ప్రమేయం ఏమీ లేదు. రేకు వద్దు! తప్పదంటే నా పేరు మాత్రం రాయించకు.

దండాలు పెడుతూ,
ఫెర్మీన్

సాన్ హసింతో, ఆగస్టు 27

నాయనా,

మొక్కు ఎగ్గొడితే సాన్ పాస్కువాల్ మళ్ళీ బిగించేస్తాడు. ఆదివారం తగిలించాను. పేరు వద్దన్నావుగా, రాయించలేదు. మరి దేవుడు నిన్నెలా గుర్తుపడతాడని పెయింటరుకి నీ ఫోటో ఇచ్చాను. మీసంతో సహా దించేశాడు. నువ్వు దొడ్లో కూర్చున్నావు, పైన మబ్బుల్లో సాన్ పాస్కువాల్ బొప్పాయి పట్టుకుని ఉన్నాడు. కింద, బరువు తగ్గే సూది వల్ల తొమ్మిది రోజులు బిగుసుకుపోయినవాడికి విముక్తి అని రాయించాను. దేవుడి ముందు అబద్ధం రాయించకూడదు కదా.

అత్త

తా.క.: సరిగ్గా చర్చిలో ఒబ్దూలియా కూర్చునే బల్లకి ఎదురుగా పడింది. వెలుతురు అక్కడే బాగుంటుంది.

గ్వాదలహారా, సెప్టెంబరు 2

అత్తా,

నా కొంప ముంచావు. నాటివిదాద్ ఫోన్ ఎత్తడం లేదు. ఆ పిల్లంటే నాకు ప్రాణమని నీకు తెలుసు.

ఫెర్మీన్

తా.క.: మీసం తీసేశాను.

సాన్ హసింతో, సెప్టెంబరు 8

ఒరేయ్, ఏడుపు ఆపు.

సోమవారం ఒబ్దూలియా వచ్చి మా తలుపు గడియ పెట్టింది. జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. గొంతు తగ్గించి, "ఎలోడియా, మీవాడికి ఏ మందుతో అయిందే?" అంది.

"నీకెందుకు?"

"నాకు పదకొండు రోజులు."

మార్చి నుంచి తనూ ఆ సూదే వేయించుకుంటోందట, కూతురి పెళ్ళికి పాత గౌను పట్టాలని! ఆ పూటే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. మర్నాటికి తేలికపడింది. "వాడూ నాలాగే అబద్ధమాడాడు, ఇంకే మొహం పెట్టుకుని కాదంటాను?" అంది. నీ పెళ్ళి ఖాయం. పిల్ల ఫోన్ ఎత్తనిది కోపంతో కాదు, ఎత్తితే నవ్వాగదని.

నీ మేలు కోరే అత్త

తా.క.: ఒబ్దూలియా కూడా మొక్కుకుంది. తన మొహం కనబడకూడదంది. అందుకని పెయింటరు మూసిన తలుపు వేస్తున్నాడు. బయట నువ్వు పొట్ట పట్టుకుని కాచుకుని ఉంటావు. మీసం మళ్ళీ పెంచు.