పార్వతి తెచ్చిన రిపోర్టు

మావా,

కిడ్నీలు పాడై నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే మన రైల్వే సెటిల్‌మెంట్‌లో పక్క క్వార్టర్ పార్వతి, మొగుడి కిడ్నీ పరీక్షల రిపోర్టు పట్టుకొచ్చింది.

“క్రియాటినిన్ బాగానే ఉన్నాది కదక్కా. ఇంక బయమేటి?” అంది.

మనమూ నీకు వర్క్‌షాప్‌లో చేసిన వైద్య పరీక్షలో ఆ ఒక్క అంకె చూసుకునే మురిసిపోయాం. మూత్రంలో ప్రొటీన్ పోతోందన్న కింది వరుస చదవనేలేదు. అదే వరుస అతని కాగితంలోనూ ఉంది.

నాకు కుళ్లు పుట్టింది. పార్వతికి చదివి చెప్పడానికి నేనున్నాను. నాకప్పుడు ఎవరున్నారు? “ఏటీ లేదులే” అని కాగితం మడిచి ఇచ్చేశాను.

అది గేటు దాటుతుంటే పిలిచి చెప్పాను. “మూత్రంలో ప్రొటీన్ పోతంది. ఈయాలే డాక్టరుకి సూపించు. నొప్పి బిళ్లలు మింగనీకు, కిడ్నీలు పాడౌతాయి.”

మధ్యాహ్నం మొగుడు పార్వతిని సైకిల్ వెనక ఎక్కించుకుని ఆసుపత్రికి బయలుదేరాడు. నేను కిటికీ మూసేశాను.