నూట యాభై డాలర్లు, అయిదు బస్తాల ఉల్లిపాయలు

లా పాస్, 1985 మే 12

దామియానా అత్తకు, నీ మేనకోడలు ఫిదేలియా దణ్ణం పెట్టి రాసేది.

నీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ముందు మంచి మాట. పెరూలోని అరెకీపాలో నాలుగు నెలలు కాన్పులు చేయడం నేర్పుతారట. మా నర్సుల బడి నుంచి ఒక్కరినే పంపుతున్నారు. ఆ ఒక్కరూ నేనే. తిండి, పడక వాళ్ళవే. జూలై ఒకటికల్లా అక్కడ ఉండాలి.

ఇక దిగులు మాట. సరిహద్దు వంతెన దగ్గర అధికారికి నూట యాభై డాలర్లు చూపించాలి. చేతిలో లేకపోతే అక్కడినుంచే వెనక్కి. నా తర్వాత వరసలో డాక్టరు గారి అమ్మాయి ఉంది. ఆమె అప్పుడే సూట్‌కేసు కొనుక్కుంది.

నువ్వు బడికి వెళ్ళలేదు కాబట్టి డాలరు సంగతి విడమరిచి చెబుతాను. దానికి రెండు ధరలు. బ్యాంకులో దాదాపు డెబ్బై వేల పెసోలు, వీధిలో రెండున్నర లక్షలు. వీధిలో కొంటే నూట యాభైకి మూడు కోట్ల డెబ్బై అయిదు లక్షలవుతుంది. బ్యాంకులో అయితే కోటీ అయిదు లక్షలే. అందుకని బ్యాంకు జాబితాలో పేరు రాయించాను. నా వంతు పంతొమ్మిది వందల పద్నాలుగోది. ఆ కోటీ అయిదు లక్షలు సర్దగలవా? నాన్న పోయినప్పటి నుంచి ఉల్లిపాయలమ్మి నన్ను చదివించావు. మళ్ళీ అడగాలంటే సిగ్గుగా ఉంది. నర్సునయ్యాక నెలనెలా తీర్చేస్తాను.

నీ ఫిదేలియా

తా.క. లెక్క రెండుసార్లు సరిచూశాను. తప్పు లేదు.

*

ఒరురో, మే 22

కోడలు పిల్లకు, మీ అత్త చెబుతుంటే పోస్టాఫీసు మెట్ల మీద ఉత్తరాలు రాసిపెట్టే ఎవరిస్తో గారు టైపు మిషను మీద కొట్టిన ఉత్తరం.

నీ ఉత్తరం ఆయనే చదివి వినిపించాడు. అంగట్లో కూర్చుని ఏడ్చాను. ఉల్లిపాయల ఘాటు అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. మన ఇంట్లో సంతకం పెట్టిన మొదటిదానివి నువ్వు. దేశం దాటే మొదటిదానివీ నువ్వే అవుతావు.

డాలరుకు రెండు ధరలన్నావు. ఉల్లిపాయకూ ఉన్నాయే తల్లీ. చిరాగ్గా ఉన్న రోజున నేనూ అంటాను, "కిలో ఒక్క పెసో, కాకపోతే సరుకు లేదు" అని. మీ బ్యాంకువాడు ఆ మాటే కాస్త మర్యాదగా అంటున్నాడు.

పెసోలు పంపను. ఇక్కడ మూట కట్టినప్పుడు కోటి, నువ్వు అక్కడ విప్పేటప్పటికి పొయ్యి రాజేసుకునే కాగితం. బస్సు మీద రెండు బస్తాల ఉల్లిపాయలు వేయించాను. డాలర్ల కోసం బెంగపెట్టుకోకు. ఆ సంగతి వంతెన దగ్గర చూసుకోవచ్చు. ఇంతకు మించి చెప్పను. ఎవరిస్తో గారి మిషను చప్పుడు చేస్తే సంతంతా వింటుంది.

మీ అత్త

తా.క. పేజీకి ఇరవై వేలని మాట. మధ్యలో ఈవిడ మళ్ళీ ఏడ్చినందువల్ల పావుగంట పోయింది. ఆ లోపల ధర ఇరవై రెండు వేలయింది. — ఎవరిస్తో

మళ్ళీ తా.క. ఇరవై వేలే ఇచ్చాను. ఈ ముక్కా ఆయన చేతే కొట్టించాను.

*

లా పాస్, జూన్ 1

అత్తా, ఈసారైనా నెమ్మదిగా విను.

బస్తాలు అందాయి. నా మంచం కింద ఉన్నాయి. గదిలో మిగతా ముగ్గురూ నిద్రలో కూడా ముక్కులు ఎగబీలుస్తున్నారు. నేను అడిగింది డబ్బు. నువ్వు పంపింది కూర. తప్పు నాదే, నాకు సరిగ్గా చెప్పడం రాలేదు.

డాలరు ఇప్పుడు వీధిలో మూడు లక్షల ఇరవై వేలు. పొద్దున్న ఒకటి, సాయంత్రానికి ఒకటి. గోడ మీద సుద్దతో అంకె రాసేవాడు చెరపడానికి తడిగుడ్డ కూడా పక్కనే పెట్టుకుంటున్నాడు. బ్యాంకులో నా వంతు పన్నెండు వందల దాకా జరిగింది. జరిగాక జాబితానే మార్చేశారు. ఇప్పుడు కొత్త జాబితాలో మూడు వేల ఆరో పేరు నాది. రాత్రి అన్నం సహించడం లేదు.

వంతెన దగ్గర చూసుకోవచ్చన్నావు. అక్కడ డాలర్లు చెట్లకు కాయవు అత్తా. అక్కడ అడుగుతారు, ఇవ్వరు. దయచేసి మిగిలిన సరుకు అక్కడే అమ్మి పెసోలు తంతి మనియార్డరు చెయ్యి. నేను ఉల్లిపాయలు అమ్మలేను. ఈ తెల్ల గౌను వేసుకున్నది వీధిలో కూర్చోవడానికి కాదు కదా.

నీ ఫిదేలియా

తా.క. హాస్టలు వార్డెనమ్మ మూడు కిలోలు అడిగింది. ధర తెలియక ఆ పూట డాలరు ఎంతుందో కనుక్కుని, దాన్నిబట్టి చెప్పాను. బేరమాడకుండా తీసుకుంది.

*

ఒరురో, జూన్ 9

కోడలు పిల్లకు,

సరుకు చాలలేదని అర్థమైంది. అందుకే ఇంకో మూడు బస్తాలు వేయించాను.

తెల్ల గౌను వేసుకుంటే ఉల్లిపాయలు అమ్మకూడదా? మరి ఆ గౌనుకు గుడ్డ ఎక్కడినుంచి వచ్చిందనుకున్నావు? సిగ్గయితే మొహానికి శాలువా కప్పుకో. వచ్చిన పెసోలు చేతిలో చల్లబడనివ్వకు. ఏ పూటకు ఆ పూట డాలర్లు చేసుకో, నీ చేతి ఖర్చులకు ఉంటాయి.

వంతెనకు ఇవతల నీలం గొడుగు కింద సతుర్నీనా అని నా నేస్తం ఉంటుంది. పేలాలు అమ్ముతుంది. అర బస్తా ఉల్లిపాయలు తీసి ఆవిడ కోసం ఉంచు. నా పేరు చెప్పు. ఎందుకని అడక్కు. ఎవరికీ చెప్పకు. ఎవరిస్తో గారు చెవులు రిక్కించి కూర్చున్నాడు.

మీ అత్త

తా.క. నా చెవులు మామూలుగానే ఉన్నాయి. ఇకపై రుసుము పేజీకి మూడు కోడిగుడ్లు. ఈవిడ ఇచ్చినవాటిలో ఒకటి పిట్టగుడ్డంత ఉంది. — ఎవరిస్తో

*

లా పాస్, జూన్ 18

అత్తా,

ఆసుపత్రి గేటు పక్కన శాలువా కప్పుకుని కూర్చున్నాను. రెండో రోజునే మా పెద్ద నర్సమ్మ వచ్చి, "ఫిదేలియా, శాలువా తీసి తూకం చూడు, ముల్లు నీ వైపు మొగ్గుతోంది" అంది. రెండు కిలోలు కొంది. నాలుగున్నర బస్తాలూ అయిపోయాయి. ఏ పూటకు ఆ పూట మార్చాను. నా దగ్గర ఇప్పుడు ముప్పై ఎనిమిది డాలర్లున్నాయి.

కావలసింది నూట యాభై. ఇంకా నూట పన్నెండు. డాలరు నాలుగు లక్షల ఎనభై వేలు. బస్సెక్కడానికి పది రోజులు. ఆ పేలాల ఆవిడకు అర బస్తా ఎందుకివ్వాలో నాకు తెలియదు. ఆ అర బస్తాకు నాలుగు డాలర్లయినా వస్తాయి. నువ్వేమో చెప్పవు.

ఇరవై ఆరు దాకా చూస్తాను. అప్పటికీ దొరక్కపోతే నా సీటు డాక్టరు గారి అమ్మాయికి ఇచ్చేస్తున్నానని రాసిస్తాను. కోపం లేదు అత్తా. ఇవి చదువుకున్నవాళ్ళ లెక్కలు. నీకు అర్థం కాకపోవడం నీ తప్పు కాదు.

ఫిదేలియా

తా.క. చివరి రెండు వాక్యాలూ రాయకుండా ఉండాల్సింది. ఇంకో కాగితం కొనే స్తోమత లేక అలాగే పంపుతున్నాను.

*

తంతి. ఒరురో, జూన్ 23

సీటు వదలకు. బస్సెక్కు. అర బస్తా మరవకు. నోరు మూసుకో. అత్త.

*

అరెకీపా, జూలై 2

దామియానా అత్తకు, దేశం దాటిన నీ కోడలు దణ్ణాలు.

చేరాను. ఎలా చేరానో చెబితే నమ్మవు.

బస్సు దిగి వంతెన దాకా అర బస్తా మోసుకుంటూ వెళ్ళాను. నీలం గొడుగు కింద ఆవిడ కనిపించింది. "పిన్నీ, నేను దామియానా మేనకోడల్ని" అన్నాను.

"బస్తా దించు. ఆలస్యంగా వచ్చావు, నీ ముందు ఆరుగురున్నారు" అంది.

"దేనికి?"

"చూపించడానికి."

నా వంతు వచ్చాక పరికిణీ మీద పరికిణీ, దాని మీద పరికిణీ ఎత్తి ఓ ప్లాస్టిక్ సంచి తీసింది. ఏడు ఇరవైలు, ఒక పది. "చూపించు, దాటు, అవతల రొట్టెలమ్మే మా చెల్లి చేతికివ్వు. పరుగెత్తకు" అంది. నా ముందు వెళ్ళిన టోపీ ఆయన చూపించినవీ అవే నోట్లు. ఆ చెల్లెలు వాటిని రొట్టెల బుట్టలో పెట్టుకుని తిరిగి తెచ్చింది. అద్దె మనిషికి కిలో ఉల్లిపాయలు, లేదా దానికి సరిపడా ఏదైనా. పెసోలు తీసుకోదు.

ఒక ఇరవై నోటు మీద బొమ్మకు ఎవరో సిరాతో మీసాలు దిద్దారు. అధికారి ఆ నోటు దగ్గర ఆగాడు. నా వైపు చూశాడు. అయిపోయాననుకున్నాను. డాక్టరు గారి అమ్మాయి సూట్‌కేసు కళ్ళ ముందు కదిలింది. "ఇరవై నోటు మీద ఆయనకు మీసాలుంటాయని ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసిందమ్మా" అని ముద్ర వేశాడు.

నాది కాని డబ్బు నాదని చూపించాను. అది మనసులో ముల్లులా ఉంది. ఆ డబ్బెవరిదని ముందే అడిగాను. "ఒరురోలో ఒక ముసలి గయ్యాళిది" అంది సతుర్నీనా పిన్ని. జనం అవసరం మీద ఇలా బతికే వడ్డీ పీనుగు నరకానికి పోతుందన్నాను. ఆవిడ గొడుగు ఊగేటట్టు నవ్వింది.

నీ ఫిదేలియా

తా.క. అందరికీ కిలో అద్దె అయితే నాకు అర బస్తా ఎందుకు? నీ నేస్తాన్ని నువ్వే అడుగు. నా ముప్పై ఎనిమిది డాలర్లు మాత్రం జేబులో భద్రంగా ఉన్నాయి.

*

ఒరురో, జూలై 14

నరకానికి పోబోయే వడ్డీ పీనుగు నుంచి కోడలు పిల్లకు,

ఇప్పుడు ఎవరిస్తో గారి ముందు అన్నీ చెప్పేస్తున్నాను. ఎందుకో కింద ఆయనే రాస్తాడు.

నీకు పదేళ్ళప్పుడు మీ నాన్న గనిలో పోయాడు. గనివాళ్ళు పరిహారం పెసోల్లో ఇచ్చారు. నాకు చదువు రాదు. కానీ ఆ నోట్లు తీసుకుని వస్తుంటే దారిలోనే రొట్టె ధర పెరగడం కళ్ళారా చూశాను. ఆ సాయంత్రమే డాలర్లు చేశాను. నూట యాభై వచ్చాయి. ఖర్చు పెడితే నీకు ఒక్క ఏడాది చదువు. అందుకని సతుర్నీనా దగ్గర పెట్టాను.

నా ఒక్కదాని ఉల్లిపాయలతో నర్సులవుతారటే? నీ బూట్లు, ఎముకల బొమ్మల పుస్తకం, ఆ తెల్ల గౌను, అన్నీ ఆ వంతెన మీద నడిచి వచ్చినవే. నీకు పంపి ఉంటే దారిలో ఏ దొంగ చేతిలోనో పడేవి. ఉత్తరంలో రాసి ఉంటే సంతలో అందరి నోళ్ళలో పడేవి. అందుకే నువ్వు ఏడుస్తున్నా ఊరుకున్నాను. నాకూ అన్నం సహించలేదు.

మీ నాన్న బతికినన్నాళ్ళూ ఈ ఊరు దాటలేదు. ఇప్పుడు రోజుకు ఇరవైసార్లు దేశం దాటుతున్నాడు. మొన్న నీతో కూడా దాటాడు. మీసాలు దిద్దింది నేనే. వాడి మీసాలు అలాగే ఉండేవి.

మీ అత్త

తా.క. ఈ ఉత్తరానికి గుడ్లు తీసుకోలేదు. పోయిన వారం పెరూలో మా చెల్లెల్ని చూడబోయి నేనూ నీలం గొడుగు కింద నిలబడ్డాను. ఆ నోటు మీద నేనూ గడ్డం దిద్దబోయాను, సతుర్నీనా గారు ఒప్పుకోలేదు. — ఎవరిస్తో

మళ్ళీ తా.క. ఆ అర బస్తా అద్దె కాదే పిచ్చిదానా, ఆవిడ పుట్టినరోజుకు కానుక. అదలా ఉంచు. చేతిలో ముప్పై ఎనిమిది ఉన్నాయన్నావు. నువ్వున్న చోటినుంచి చిలీ సరిహద్దు ఒక్క పూట ప్రయాణమట. అక్కడ ఇంకా ఎవరూ గొడుగు వేయలేదట. మిగతా నూట పన్నెండూ ఉల్లిపాయల్లో పంపనా?